పోలార్ అయినా కరగనివి, నాన్‌పోలార్ అయినా కరిగేవి: నీటి దగ్గర లెక్క ఎలా తేలుతుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "పోలార్ పదార్థాలు పోలార్ ద్రావణిలో, నాన్‌పోలార్ పదార్థాలు నాన్‌పోలార్ ద్రావణిలో కరుగుతాయని పాఠం చెబుతున్నాను. కార్బన్ డయాక్సైడ్ డైపోల్ మొమెంట్ సున్నా, అయినా నీటిలో బాగానే కరుగుతుంది. నైట్రోబెంజీన్ డైపోల్ మొమెంట్ నీటికి రెట్టింపు పైనే, అయినా కరగదు. పిల్లలు అడిగితే ఏం చెప్పాలి? తరగతిలో చేసి చూపించగలిగినవి ఏమైనా ఉన్నాయా?"

సూత్రం పనికొచ్చేదే. (పోలార్ అంటే ఒక కొస కాస్త ధనావేశం, మరో కొస కాస్త రుణావేశం ఉన్న అణువు; అలా లేనిది నాన్‌పోలార్.) చిక్కల్లా దాన్ని డైపోల్ మొమెంట్ అనే ఒక్క అంకెతో ముడిపెట్టడంలో ఉంది. డైపోల్ మొమెంట్ అంటే అణువులోని బంధాల ధ్రువత్వాలన్నీ కూడగా, కొన్ని ఒకదాన్నొకటి కొట్టేసుకోగా చివరికి మిగిలిన మొత్తం. నీటి అణువుకు ఆ మొత్తంతో పనిలేదు. అది ఒకసారికి అవతలి అణువులో ఒక మూలనే తాకుతుంది. ఆ మూల హైడ్రోజన్ బంధం (ఒక అణువు హైడ్రోజన్‌కూ మరో అణువు ఒంటరి ఎలక్ట్రాన్ జంటకూ మధ్య ఆకర్షణ) ఇవ్వగలదా, పుచ్చుకోగలదా అన్నది మొదటి సంగతి. అలాంటి మూలలు లేని హైడ్రోకార్బన్ భాగం ఎంత ఉందన్నది రెండోది. ఆ పదార్థం తన అణువులను తానే ఎంత గట్టిగా పట్టుకుని ఉందన్నది మూడోది. పాఠాల్లో మొదటిది సగం చెబుతారు, రెండోది అక్కడక్కడా తగులుతుంది, మూడోది అసలు కనిపించదు.

ముందు నీటి సంగతి. ఆక్సిజన్ రుణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాగే శక్తి) 3.44, హైడ్రోజన్‌ది 2.20. బంధ కోణం 104.5 డిగ్రీలు కాబట్టి రెండు బంధాల ధ్రువత్వాలు కొట్టేసుకోక 1.85 డిబైల (డైపోల్ మొమెంట్ కొలిచే ప్రమాణం) డైపోల్ మొమెంట్ మిగులుతుంది. కానీ నీటిని ప్రత్యేకంగా నిలబెట్టేది ఈ అంకె కాదు. నీటి అణువుకు ఇవ్వడానికి రెండు హైడ్రోజన్లు, పుచ్చుకోవడానికి రెండు ఒంటరి ఎలక్ట్రాన్ జంటలు ఉన్నాయి. ఇచ్చేవీ పుచ్చుకునేవీ సమానంగా ఉండడంతో ద్రవమంతా అల్లుకుపోయి ఉంటుంది. ఒక్కో హైడ్రోజన్ బంధం మోల్‌కు సుమారు 20 కిలోజౌళ్లు. ఏ పదార్థం కరగాలన్నా ఈ అల్లికలో చోటు చేసుకోవాలి, చెడగొట్టినదానికి బదులు ఏదో ఒకటి ఇవ్వాలి.

ఇప్పుడు డైపోల్ మొమెంట్‌ను నేరుగా పరీక్షకు పెడదాం. మిథనాల్, నైట్రోమీథేన్ రెండింటిలోనూ ఉన్నది ఒక్క కార్బనే. మిథనాల్ డైపోల్ మొమెంట్ 1.7 డిబైలు, నైట్రోమీథేన్‌ది దాదాపు 3.5. అంకెను నమ్మితే నైట్రోమీథేన్ గెలవాలి. జరిగేది వేరు: మిథనాల్ నీటిలో ఏ నిష్పత్తిలోనైనా కలిసిపోతుంది, నైట్రోమీథేన్ మాత్రం 100 మి.లీ. నీటిలో 10 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. కారణం ఆక్సిజన్ల తీరులో ఉంది. నైట్రో సమూహంలో నైట్రోజన్ మీద ధనావేశం ఉండి ఎలక్ట్రాన్లను తనవైపు లాగుతుంది. ఉన్న రుణావేశం రెండు ఆక్సిజన్ల మీదా పరుచుకుని పలచబడుతుంది. అందుకే అణువు మొత్తంగా చూస్తే డైపోల్ పెద్దదే అయినా, నీటి హైడ్రోజన్‌ను గట్టిగా పట్టుకునే మూల ఒక్కటీ లేదు. మిథనాల్ హైడ్రాక్సిల్ ఒకటే అయినా ఇస్తుంది, పుచ్చుకుంటుంది. నైట్రోమీథేన్‌కే ఈ గతి పడితే, అదే సమూహానికి ఆరు కార్బన్ల వలయం తగిలించిన నైట్రోబెంజీన్ (4.2 డిబైలు) లీటరుకు 1.9 గ్రాములకే పరిమితం కావడంలో వింత లేదు.

దీనికి సరిగ్గా ఎదురు చూపించాలంటే 1,4-డైఆక్సేన్. ఆరు సభ్యుల వలయంలో రెండు ఆక్సిజన్లు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాని ధ్రువత్వాన్ని మరొకటి కొట్టేయడంతో డైపోల్ మొమెంట్ దాదాపు సున్నా. ఒట్టి డైపోల్ లెక్కలో ఇది బెంజీన్ పక్కన కూర్చోవాలి. కానీ నీటిలో ఏ నిష్పత్తిలోనైనా కలిసిపోతుంది. రెండు ఆక్సిజన్లూ వలయం అంచున బయటికి తేలి ఉన్నాయి, ఒంటరి జంటలకు అడ్డు లేదు. ఈ పక్క వచ్చిన నీటి అణువుకు ఆ పక్క ఆక్సిజన్ ధ్రువత్వం ఎటు తిరిగి ఉందో పట్టదు. అది తన ముందున్న ఆక్సిజన్‌తో హైడ్రోజన్ బంధం వేసుకుంటుంది, ఆ పక్కది ఆ పక్క వేసుకుంటుంది. కొట్టేసుకోవడం కాగితం మీద బాణాలకే గాని అణువు మూలలకు కాదు. పిల్లలకు ఒక్క ఉదాహరణతో విషయం పట్టించాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

కార్బన్ డయాక్సైడ్ కథ కూడా ఇదే దారి. సరళ రేఖలో ఉన్న అణువు కాబట్టి డైపోల్ సున్నా. కానీ రెండు ఆక్సిజన్ల మీదా పాక్షిక రుణావేశం, మధ్య కార్బన్ మీద పాక్షిక ధనావేశం ఉన్నాయి. నీటి ఆక్సిజన్ ఆ కార్బన్ వైపు తిరుగుతుంది. అందుకే 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఒక అట్మాస్ఫియర్ పీడనంలో కార్బన్ డయాక్సైడ్ లీటరుకు సుమారు 1.45 గ్రాములు కరుగుతుంది. అదే షరతుల్లో, బంధంలోనే ధ్రువత్వం లేని శుద్ధ ఆక్సిజన్ 40 మిల్లీగ్రాములు. "అది కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది కాబట్టి కరుగుతుంది" అని చాలామంది చెబుతారు. ఇది బాగా నాటుకుపోయిన సగం నిజం. మామూలు నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌లో ఆమ్లంగా మారి ఉండేది సుమారు ఆరు వందల్లో ఒక వంతే. మిగతాదంతా కార్బన్ డయాక్సైడ్ రూపంలోనే నీటిలో ఉంటుంది. క్షార ద్రావణంలో అయితే మాట వేరు, అక్కడ నిజంగానే చర్య జరిగి కార్బొనేట్‌గా మారుతూ పోతుంది. అలాగే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును ఈ జాబితాలో కలపకండి. అది నీటిలో అయాన్లుగా విడిపోతుంది, అది కరగడం ఒక్కటే కాదు, చర్య కూడా.

క్లోరిన్ ఉన్న మీథేన్ల వరుస చూసి మళ్లీ డైపోల్ సూత్రానికి వెనక్కి పోయే ప్రమాదం ఉంది. కార్బన్ టెట్రాక్లోరైడ్ సున్నా డిబైలు, లీటరుకు 0.8 గ్రాములు. క్లోరోఫామ్ సుమారు 1 డిబై, 8 గ్రాములు. డైక్లోరోమీథేన్ 1.6, పదిహేను గ్రాముల అటూ ఇటూ. వరుస చక్కగానే ఉంది, కానీ అణువు చిన్నదవుతూ పోవడమూ అందులో ఉంది. పైగా పోలార్ అని పేరున్న డైక్లోరోమీథేన్ కూడా రెండు శాతం దాటలేదు. కార్బన్–ఫ్లోరిన్ బంధం ఇంకా పోలార్. అయినా పర్‌ఫ్లోరోహెక్సేన్‌ను నీటిలో పోస్తే అడుగున వేరే పొరగా కూర్చుంటుంది.

ఇక రెండో సంగతి, హైడ్రోకార్బన్ భాగం. నూనె అణువులను నీరు "తోసేస్తుంది" అంటారు. తోయడం ఏమీ లేదు. నీటి మీద సన్నటి నూనె చుక్క పల్చగా పరుచుకోవడమే రెండింటి మధ్య ఆకర్షణ ఉందనడానికి సాక్ష్యం. ద్రవ హైడ్రోకార్బన్‌ను నీటిలో కరిగిస్తే గది ఉష్ణోగ్రత దగ్గర ఎంథాల్పీ మార్పు, అంటే ఇచ్చిపుచ్చుకునే వేడి, దాదాపు సున్నా. దెబ్బ పడేది ఎంట్రోపీ మీద, అంటే అణువులు రకరకాలుగా సర్దుకోగల స్వేచ్ఛ మీద. హైడ్రోకార్బన్ ముఖం ఎదురైన నీటి అణువు తన హైడ్రోజన్ బంధాలను పోగొట్టుకోదు. వాటిని నిలుపుకోవడానికి తిరిగే వీలు తగ్గించుకుని, కొన్ని దిశల్లోనే నిలబడుతుంది. హైడ్రోకార్బన్ ఉపరితలం పెరిగేకొద్దీ ఇలా కట్టుబడే నీటి అణువులు పెరుగుతాయి. నూనె అణువులన్నీ ఒకచోట చేరితే వాటి ఉపరితలం తగ్గి, ఆ నీరు విడుదలవుతుంది. నూనె, నీరు విడిపోవడమంటే జరిగేది ఇదే.

ఈ ఖర్చు ఎంతో ఆల్కహాల్ వరుసలో అంకెల్లో కనబడుతుంది. మిథనాల్, ఇథనాల్, 1-ప్రొపనాల్ పూర్తిగా కలిసిపోతాయి. 1-బ్యూటనాల్ లీటరుకు 73 గ్రాములు, 1-పెంటనాల్ 22, 1-హెక్సనాల్ 6, 1-ఆక్టనాల్ అర గ్రాము. అంటే ఒక్కో కార్బన్ చేరినప్పుడల్లా సుమారు మూడున్నర రెట్లు పడిపోతోంది. హైడ్రాక్సిల్ సమూహం అన్నిట్లో ఒకటే, డైపోల్ మొమెంట్ కూడా అన్నిట్లో 1.7 అటూ ఇటూగానే ఉంటుంది. మారుతున్నది తోక పొడవే. తోకను మడిచి గుండ్రంగా చేస్తే ఉపరితలం తగ్గుతుంది కాబట్టి, అవే నాలుగు కార్బన్లున్న టెర్షియరీ బ్యూటనాల్ నీటిలో పూర్తిగా కలుస్తుంది.

ఒక హైడ్రోజన్ బంధ సమూహం నాలుగైదు కార్బన్లను నీటిలోకి మోసుకెళ్లగలదన్న వాడుక లెక్క ఇక్కడి నుంచే వచ్చింది. అంచనాకు మంచిదే, కాకపోతే సమూహం ఎంత తెరిచి ఉందో కూడా చూడాలి. డైఇథైల్ ఈథర్, టెట్రాహైడ్రోఫ్యూరాన్ రెండింటిలోనూ నాలుగు కార్బన్లు, ఒక ఆక్సిజన్. మొదటిది 100 మి.లీ.లో ఆరేడు గ్రాములు, రెండోది పూర్తిగా కలుస్తుంది. ఈథర్‌లో రెండు ఇథైల్ తోకలు ఆక్సిజన్ చుట్టూ ఊగుతూ దారికి అడ్డుపడతాయి. టెట్రాహైడ్రోఫ్యూరాన్‌లో వాటిని వెనక్కి కట్టేసినట్టు వలయం ఉంది, ఆక్సిజన్ ముందుకు తేలింది. సమూహం లోపల్లోపలే బంధం వేసుకున్నా నీటికి అందదు. ఆర్థో నైట్రోఫినాల్‌లో హైడ్రాక్సిల్ పక్కనే ఉన్న నైట్రోతో ముడిపడిపోతుంది, లీటరుకు 2 గ్రాములే కరుగుతుంది. పారా నైట్రోఫినాల్‌లో ఆ వీలు లేదు కాబట్టి అది 10 గ్రాములు దాటుతుంది. గమనించండి, పారా స్ఫటికం 114 డిగ్రీల దగ్గర కరిగేంత గట్టిది, ఆర్థోది 45 డిగ్రీలకే కరుగుతుంది. స్ఫటికం బలం ఎదురు లాగుతున్నా పారానే గెలిచింది.

స్ఫటికం మాట వచ్చింది కాబట్టి మూడో సంగతి. ఘన పదార్థం కరగాలంటే ముందు స్ఫటికం నుంచి అణువు ఊడిరావాలి. ఆంత్రసీన్, ఫినాంత్రీన్ ఒకే అణుఫార్ములా ఉన్న ఐసోమర్లు, రెండింటికీ ధ్రువత్వం లేనట్టే. ఆంత్రసీన్ లీటరుకు సుమారు 0.045 మిల్లీగ్రాములు, ఫినాంత్రీన్ 1.1 మిల్లీగ్రాములు కరుగుతాయి. పాతిక రెట్ల తేడా! ఇందులో పోలారిటీకి పాత్రే లేదు. ఆంత్రసీన్ స్ఫటికం 216 డిగ్రీల దాకా చెదరదు, ఫినాంత్రీన్ 100 డిగ్రీలకే కరిగిపోతుంది, అంతే. మలేయిక్, ఫ్యుమారిక్ ఆమ్లాల జంటను డైపోల్‌కు ఉదాహరణగా చూపిస్తుంటారు: సిస్ రూపమైన మలేయిక్ లీటరుకు 780 గ్రాములకు పైగా, ట్రాన్స్ అయిన ఫ్యుమారిక్ 6 గ్రాముల చిల్లర. కానీ ఫ్యుమారిక్ ద్రవీభవన స్థానం 287 డిగ్రీలు, మలేయిక్‌ది 140 లోపే. ఫ్యుమారిక్ అణువులు రెండు చివర్లా ఒకదాన్నొకటి పట్టుకుని స్ఫటికాన్ని బిగించేశాయి. ఈ తేడాను డైపోల్ ఖాతాలో మాత్రమే రాయడం సరి కాదు. సెల్యులోజ్ కూడా ఇలాంటిదే. ప్రతి గ్లూకోజ్ యూనిట్ మీదా మూడు హైడ్రాక్సిల్స్ ఉన్నా, గొలుసులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండడంతో నీరు లోపలికి పోలేదు. గొలుసు లేని చక్కెర అయితే 20 డిగ్రీల దగ్గర 100 మి.లీ. నీటిలో 200 గ్రాములు కరుగుతుంది.

అంచనా వేయడానికి యల్కోవ్‌స్కీ ప్రతిపాదించిన సమీకరణం ఒకటి ఉంది. మోలార్ ద్రావణీయత లాగరిథమ్ = 0.5 − 0.01 × (ద్రవీభవన స్థానం − 25) − లాగ్ పీ. లాగ్ పీ అంటే ఆ పదార్థం ఆక్టనాల్, నీరు పొరల మధ్య ఎలా పంచుకుంటుందో చెప్పే అంకె. గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవంగా ఉన్నవాటికి మధ్య పదం తీసేయాలి. నాఫ్తలీన్‌కు ద్రవీభవన స్థానం 80, లాగ్ పీ 3.3 వేస్తే −3.35 వస్తుంది, అంటే లీటరుకు 57 మిల్లీగ్రాములు. కొలిచిన విలువ 31. ఇంత సులువైన లెక్కకు రెండు రెట్ల లోపల రావడం బాగా వచ్చినట్టే. అయాన్లకు మాత్రం దీన్ని వాడకండి.

అయాన్ లవణాల గురించి ఎక్కువ చెప్పను, మీ ప్రశ్న అటు లేదు. సోడియం క్లోరైడ్ జాలక శక్తి (స్ఫటికాన్ని అయాన్లుగా విడదీయడానికి పట్టే శక్తి) మోల్‌కు 787 కిలోజౌళ్లు, అయాన్ల చుట్టూ నీరు చేరినప్పుడు దాదాపు అంతా తిరిగి వస్తుంది. నికరంగా 4 కిలోజౌళ్ల లోటు మిగిలితే ఎంట్రోపీ దాన్ని పూడుస్తుంది. బేరియం సల్ఫేట్‌లో జాలకానిదే పైచేయి, లీటరుకు 2.4 మిల్లీగ్రాములే కరుగుతుంది. "అయాన్ పదార్థం కాబట్టి కరుగుతుంది" అనే వాక్యం పరీక్ష పేపర్లో కనబడితే మార్కు తగ్గించవచ్చు.

ఇక తరగతిలో చేయదగ్గవి. పైన చెప్పిన నైట్రోబెంజీన్, డైఆక్సేన్, కార్బన్ టెట్రాక్లోరైడ్, చివర్లో చెప్పబోయే ఫినాల్ సీసాలు తెరవకండి. ఇవన్నీ చర్మానికో కాలేయానికో హాని చేసేవి, వాటిని పట్టిక అంకెల్లోనే చూపించండి. కింద చెప్పే మూడింటికీ కళ్లద్దాలు, గ్లవ్స్ సరిపోతాయి.

మొదట బెంజోయిక్ ఆమ్లం. పోలారిటీని మనమే మార్చి చూపించవచ్చు కాబట్టి ఇదే నాకు అన్నిటికంటే నచ్చింది. 250 మి.లీ. బీకరులో 50 మి.లీ. నీరు తీసుకుని 0.5 గ్రాముల బెంజోయిక్ ఆమ్లం వేసి రెండు నిమిషాలు కలపండి. సాంద్రత నీటికంటే ఎక్కువే అయినా పొడి చాలావరకు పైనే తేలుతుంది, ఎందుకంటే నీరు దాన్ని తడపదు. కరిగేది 0.17 గ్రాములే (25 డిగ్రీల దగ్గర లీటరుకు 3.4 గ్రాములు). ఇప్పుడు 0.5 గ్రాముల సోడియం బైకార్బొనేట్‌ను చిటికెడు చిటికెడుగా వేయండి. నురగ వస్తుంది, తేలుతున్న పొడి అంచుల నుంచి బుడగలు లేస్తూ కొంచెంకొంచెంగా మాయమై, చివరికి ద్రావణం తేటపడుతుంది. కార్బాక్సిల్ సమూహం హైడ్రోజన్‌ను వదిలి రుణావేశం తెచ్చుకుంది, సోడియం బెంజోయేట్ అయింది. దాని ద్రావణీయత 100 మి.లీ.కు 60 గ్రాముల పైమాటే. బెంజీన్ వలయంలో మార్పు లేదు, ఒక్క మూల ఆవేశం మాత్రమే మారింది. తర్వాత 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 8 మి.లీ. మెల్లగా పోస్తే తెల్లటి పొడి మళ్లీ దిగుతుంది.

ఇందులో చెడేది మూడు చోట్ల. సన్నటి పరీక్షనాళికలో చేస్తే నురగ పొంగి బయటికి పోతుంది, అందుకే బీకరు. ఆమ్లం తక్కువ పడితే, ఏదీ దిగదు. లెక్క ప్రకారం మొత్తం బైకార్బొనేట్‌కు 6 మి.లీ. కావాలి, పీహెచ్ 3 కంటే దిగువకు రావాలి కాబట్టి 8 అన్నాను. లిట్మస్ ఎర్రబడడం చాలదు, పీహెచ్ కాగితం వాడండి. మూడోది, పొదుపు చేద్దామని 0.1 గ్రాముతో మొదలుపెట్టడం. 50 మి.లీ. నీటిలో 0.17 గ్రాములు ఎలాగూ కరుగుతాయి కాబట్టి బైకార్బొనేట్ వేయకముందే అంతా కరిగిపోతుంది, చివర్లో ఆమ్లం పోసినా ఏదీ తిరిగి రాదు. ప్రయోగం విఫలమైందని అనుకుంటారు, అసలు పరిమాణమే తప్పు.

రెండోది ఐసోప్రొపనాల్. 20 మి.లీ. ఐసోప్రొపనాల్, 20 మి.లీ. నీరు మూత ఉన్న గాజు గొట్టంలో కలపండి, దగ్గర్లో మంట ఉండకూడదు. పూర్తిగా ఒక్కటైపోతాయి. మార్కర్ ఇంకు ఒక చుక్క వేసి, 7 గ్రాముల పొడి ఉప్పు వేసి ఒక నిమిషం గట్టిగా ఊపి నిలబెట్టండి. ద్రవం ముందు పాలలా మసకబారి, తర్వాత రెండు పొరలవుతుంది, రంగు ఎక్కువగా పై పొరకు వెళ్తుంది. అడుగున కొంత ఉప్పు మిగిలితే కంగారు పడనక్కర్లేదు. అయాన్లు నీటి అణువులను ఆల్కహాల్ కంటే గట్టిగా పట్టేసుకోవడంతో ఆల్కహాల్‌కు చాలినంత నీరు దొరకదు. ఇదే ఇథనాల్‌తో చేస్తే ఉప్పు చాలదు, తోక ఒక కార్బన్ చిన్నది. అక్కడ పొటాషియం కార్బొనేట్ 10 గ్రాముల పైన వేయాలి. ఈ తేడాను కూడా చూపిస్తే పాఠం రెట్టింపు పండుతుంది.

మూడోది అయోడిన్. నాన్‌పోలార్ అణువు, లీటరుకు 0.3 గ్రాములే కరుగుతుంది. కానీ 2 గ్రాముల పొటాషియం అయోడైడ్‌ను 5 మి.లీ. నీటిలో కరిగించి, అందులో 1 గ్రాము అయోడిన్ వేసి కలిపితే మొత్తం ముదురు గోధుమ రంగులో కరిగిపోతుంది. అయోడిన్ అణువు అయోడైడ్‌తో కలిసి ట్రైఅయోడైడ్ అయాన్ అవుతుంది. తర్వాత 300 మి.లీ.కు పలుచన చేస్తే అదే గ్రామ్ స్టెయిన్‌కు (బాక్టీరియాకు రంగు పట్టించే పరీక్షకు) వాడే అయోడిన్ ద్రావణం. వరుస మారితేనే వస్తుంది తంటా. అయోడైడ్‌ను ముందే 300 మి.లీ.లో కలిపేసి తర్వాత అయోడిన్ వేస్తే, అయోడైడ్ గాఢత పలచగా ఉంటుంది కాబట్టి గంటలు కలిపినా అడుగున గుళికలు మిగులుతాయి. చేతికి మరక పడితే సోడియం థయోసల్ఫేట్ ద్రావణంతో పోతుంది.

ఈ మూడు కాక, తెలియని పదార్థం "కరుగుతుందా" అని చెప్పాల్సి వస్తే ప్రయోగశాలల్లో వాడుక పద్ధతి ఇది: ఘనమైతే 0.1 గ్రాము, ద్రవమైతే 0.2 మి.లీ. తీసుకుని, 3 మి.లీ. నీటిలో గది ఉష్ణోగ్రత దగ్గర కరిగితే కరిగినట్టు. అంటే గీత ఘనాలకు సుమారు 3 శాతం, ద్రవాలకు సుమారు 6 శాతం దగ్గర గీశారన్నమాట. 1-పెంటనాల్ ఈ పరీక్షలో తప్పుతుంది, 1-బ్యూటనాల్ గట్టెక్కుతుంది. ఘనాన్ని ముందు నూరండి. నూరడం, కలపడం కరిగే వేగాన్ని పెంచుతాయి, ఎంత కరుగుతుందన్న దాన్ని మార్చవు. వేడి చేస్తే చల్లారనిచ్చి చూడండి. రంగులేని రెండు ద్రవాల మధ్య హద్దు కొన్నిసార్లు కంటికి దొరకదు. అప్పుడు గొట్టాన్ని కాంతికి ఎదురుగా పట్టుకుని మెల్లగా వంచితే గాజు మీద జారే సన్నటి గీత కనబడుతుంది. పోసిన వెంటనే ద్రవంలో వేడి గాలిలాంటి మెలికలు కనిపిస్తే అది కరుగుతున్న గుర్తే, కరగలేదని రాయకండి. కరిగిందా, ఎమల్షన్‌గా (సన్నటి బొట్లుగా) చెదిరిందా అన్న అనుమానం వస్తే లేజర్ పాయింటర్‌ను పక్క నుంచి వేయండి. నిజమైన ద్రావణంలో కిరణం దారి కనబడదు, ఎమల్షన్‌లో మెరిసే గీతలా కనబడుతుంది. సబ్బు కలిపిన నూనె ఎంత తేటగా కనిపించినా ఆ పరీక్షలో దొరికిపోతుంది.

చివరిగా ఉష్ణోగ్రత, ఎందుకంటే పట్టికల్లో దీన్ని వదిలేసి అంకె ఒక్కటే రాసేస్తుంటారు. ఫినాల్ 20 డిగ్రీల దగ్గర 100 మి.లీ.లో 8 గ్రాములు, 66 డిగ్రీలు దాటితే నీటిలో పూర్తిగా కలిసిపోతుంది. వేడి చేస్తే ఎక్కువ కరుగుతుందన్న మన అలవాటు అంచనాకు ఇది సరిపోయింది. ట్రైఇథైల్ అమీన్ సరిగ్గా తలకిందులు. 18 డిగ్రీల లోపు నీటితో ఏ నిష్పత్తిలోనైనా కలుస్తుంది, అంతకు మించి వేడెక్కితే మసకబారి రెండు పొరలవుతుంది. దానికి ఆధారం నైట్రోజన్ పట్టుకున్న హైడ్రోజన్ బంధమే. వేడికి ఆ బంధాలు సడలుతాయి, మూడు ఇథైల్ తోకల కోసం నీరు పెట్టే ఎంట్రోపీ ఖర్చు మాత్రం మిగిలిపోతుంది. అందుకే సేంద్రియ పొర నుంచి దీన్ని నీటితో కడిగి తీయాలనుకునేవాళ్లు గోరువెచ్చని నీరు వాడితే పని చెడుతుంది, చల్లటి నీరు కావాలి. అంతకంటే మంచిది ఆ నీటిలో కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలపడం. నైట్రోజన్ ధనావేశం తెచ్చుకుని అమ్మోనియం అయాన్ అయ్యాక ఉష్ణోగ్రత గొడవ లేకుండా నీటి పొరలోకి వెళ్లిపోతుంది.